సమవుజ్జీల నెంచుట: పాత పందెపు కార్ల తరగతులు

వియ్యమునకైనను కయ్యమునకైనను సమవుజ్జీ కావలెనని మన పెద్దల మాట. పోటీ యనగా బలమును ప్రదర్శించుట మాత్రమే కాదు. తగిన ప్రత్యర్థి యెదుట ప్రదర్శించుట. ఏనుగు కుందేలును గెలిచినచో ఏనుగునకు కీర్తియు లేదు, కుందేలునకు అపకీర్తియు లేదు. చూచువారికి క్రొత్తగా తెలిసినదియు లేదు. కనుక పందెము నడుపువారు పరుగు మొదలు కాకముందే తేల్చుకొనవలసిన విషయ మొకటి కలదు. ఎవరు ఎవరితో పోటీపడదగుదురు?

ఒంగోలు జాతి ఎడ్లతో మన పల్లెలలో జరుగు బండలాగుడు పోటీలలో ఈ ప్రశ్నకు సులభమైన సమాధాన మున్నది. రెండుపళ్ళ గిత్తలకు ఒక పోటీ, నాలుగుపళ్ళ వానికి ఒకటి, ఆరుపళ్ళ వానికి మరియొకటి. నోరు తెఱచి చూచినచో వయస్సు తెలియును. వయస్సు తెలిసినచో ఏ వరుసలో నిలుపవలెనో తెలియును. కాని నోరు లేని యంత్రమునకు వయస్సు కట్టుట యెట్లు? పుట్టిననాటి భాగములలో సగము మాఱిపోయిన యంత్రము వయస్సు ఎంత? పాశ్చాత్య దేశములలో పాత పందెపు కార్లతో పోటీలు నడుపువారు తొంబది సంవత్సరములకు పైగా ఈ ప్రశ్నతోనే పెనుగులాడుచున్నారు.

ఈ పాత కార్లు ప్రదర్శనశాలలలో త్రాళ్ళ కావల నిలిచి యుండునవి కావు. ఇంగ్లండులో అనేక పందెపు బాటలపై ఇవి ఏటేట పరుగెత్తుచున్నవి. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమందలి లగూనా సెకా బాటపై 1974లోను, మొనాకో నగర వీధులలో 1997లోను ఇట్టి పోటీలు ప్రారంభమైనవి. ఒకే దినమున ఒకే బాటపైకి రాగల కార్లు ఎట్టివో చూడుడు. 1908వ సంవత్సరపు గ్రాండ్ ప్రీ పందెమునకై ఇటలీలో నిర్మింపబడిన ఇటాలా కారు ఇంజను పరిమాణము 12 లీటర్లు. ఇంగ్లండులో 1920 దశకమున సామాన్య గృహస్థుల కొఱకు పుట్టిన ఆస్టిన్ సెవెన్ అను బుల్లికారు ఇంజను పరిమాణము 747 ఘన సెంటీమీటర్లు, అనగా ముక్కాలు లీటరు. మొదటిది రెండవదానికి పదునాఱు రెట్లు. అయినను ఆ మహాకాయునకు ముందు చక్రములకు బ్రేకులు లేవు. తిన్నని బాటపై అది దూసికొనిపోవును. మలుపు రాగానే ఎంతో ముందుగా వేగము తగ్గించుకొనవలెను. ఇట్టివానిని ఒక్క వరుసలో నిలిపి జెండా ఊపినచో అది పోటీ కాదు, గందరగోళము.

ఈ గందరగోళమును తొలగించుటకు పోటీల నిర్వాహకులు కార్లను నాలుగు జల్లెడలలో పోసి వేఱుచేయుదురు. అవి కాలము, పరిమాణము, స్థితి, వేగము.

కాలము

1934వ సంవత్సరమున ఇంగ్లండులో వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ అను సంఘము ఏర్పడెను. దానిని నెలకొల్పిన వారికి ఒక దృఢమైన అభిప్రాయ ముండెను. 1930 తరువాత వచ్చిన కార్లలో చాల భాగము చవుకగా, మూకుమ్మడిగా తయారైనవనియు, అంతకు ముందటి కార్లలో ఉన్న పనితనము వానిలో లేదనియు వారు భావించిరి. ప్రపంచవ్యాప్తమైన ఆర్థిక మాంద్యము నాడు మేలైన కార్లను చేయు సంస్థలను అనేకమును క్రుంగదీసిన మాట నిజము. ప్రసిద్ధమైన బెంట్లీ సంస్థ 1931లో చిక్కులలో పడి రోల్స్‌రాయిస్ వారి వశమయ్యెను. కాబట్టి 1930 డిసెంబరు 31వ తేదీని వారు సరిహద్దుగా గీసిరి. అంతకు ముందు నిర్మింపబడినవి 'వింటేజ్' కార్లు. ద్రాక్షపంట కోతకును, ఒక్కొక్క యేటి పంటనుండి తీసిన ద్రాక్షాసవమునకును ఇంగ్లీషువారు వాడు మాట యిది. ఏ యేటి రసమునకు ఆ యేటి రుచి యుండునట్లు, ఏ కాలపు కారునకు ఆ కాలపు గుణ ముండునని దాని భావము.

ఈ విభాగమునకు ముందు, వెనుక మఱికొన్ని విభాగములు కలవు. 1904 చివఱి వఱకు వచ్చినవి 'వెటరన్', అనగా వయోవృద్ధములు. 1905 నుండి 1918 వఱకు వచ్చినవి 'ఎడ్వర్డియన్'. 1919 నుండి 1930 వఱకు వచ్చినవి వింటేజ్. ఎడ్వర్డు రాజు 1910లోనే గతించెను. అయినను ఆయన పేరు ధరించిన కార్ల యుగము మఱి యెనిమిదేండ్లు సాగినది. చరిత్రకారునకు ఇది పొరపాటుగా తోచవచ్చును. కాని యంత్రములకు రాజుల మరణముతో పని లేదు. మొదటి ప్రపంచయుద్ధమే వానికి నిజమైన యుగాంతము.

కాలరేఖ ఎక్కడ గీచినను దానిని ఆనుకొని ఒక అన్యాయము నిలిచియుండును. 1930 డిసెంబరులో కర్మాగారము వెడలిన కారు ఒక విభాగమునకు చెందును. దాని తోబుట్టువై 1931 జనవరిలో వెడలినది మఱియొక విభాగమునకు చెందును. బడిలో చేర్చుకొనుటకు పుట్టినతేదీని గడువుగా పెట్టినపుడు ఒక్క దినము తేడాతో ఏడాది వెనుకబడిన బాలుని కథ ఉపాధ్యాయు లందఱు ఎఱిగినదే. దీనికి ఆ సంఘము వారు కనుగొన్న పరిష్కారము గమనింపదగినది. 1931 తరువాత యుద్ధము వఱకు వచ్చిన కార్లలో పూర్వపు పనితనము నిలుపుకొన్నవానిని ఎంపికచేసి, మేలుజాతి గుఱ్ఱములకు వాడు 'థరోబ్రెడ్' అను పేరుతో ప్రత్యేక విభాగమొకటి కల్పించిరి. తేదీ చేయలేని న్యాయమును వివేచన చేయవలసి వచ్చినది.

మోటారు క్రీడలకు అంతర్జాతీయ సమాఖ్య ఒకటి కలదు. చారిత్రక కార్ల పోటీల కొఱకు అదియు ఇట్టి కాలవిభజనమునే అక్షరములతో చేసినది. 1904 చివఱి వఱకు 'ఏ', 1918 వఱకు 'బి', 1930 వఱకు 'సి', 1946 వఱకు 'డి', అటుపిమ్మట 1960 దశకపు ఆరంభము వఱకు 'ఇ'. ఆపైన మఱికొన్ని అక్షరములు. రెండు ప్రపంచయుద్ధములును ఈ పట్టికలో సరిహద్దు రాళ్ళవలె కనబడుచున్నవి.

పరిమాణము

ఒకే యుగమున పుట్టినంత మాత్రమున సమానులు కాజాలరు. కనుక రెండవ జల్లెడ ఇంజను పరిమాణము. ఇంజను సిలిండరులో ముషలకము క్రిందికి దిగినపుడు గాలియు పెట్రోలు ఆవిరియు లోపలికి వచ్చును. లోపల చోటు ఎంత ఎక్కువగా నున్నచో అంత ఎక్కువ ఇంధనము మండును. అంత ఎక్కువ శక్తి పుట్టును. ఈ చోటును కొలుచుటకు ఉన్నత పాఠశాలలో నేర్పు స్తూపము ఘనపరిమాణ సూత్రమే చాలును. ఆస్టిన్ సెవెన్ ఇంజను సిలిండరు వ్యాసము 5.588 సెంటీమీటర్లు, ముషలకము కదలు దూరము 7.62 సెంటీమీటర్లు, సిలిండర్లు నాలుగు. వ్యాసార్ధ వర్గమును 'పై' తోను, దూరముతోను గుణించి, దానిని నాలుగు రెట్లు చేసినచో 747 ఘన సెంటీమీటర్లు వచ్చును. విద్యార్థులు కాగితముపై సరిచూచుకొనవచ్చును.

పరిమాణమునుబట్టి తరగతులకు చాల కాలముగా స్థిరపడిన గడపలు కలవు. అవి 750, 1,100, 1,500, 2,000, 3,000, 5,000, 8,000 ఘన సెంటీమీటర్లు. ఈ గడపలను గుర్తుంచుకొని పాత కార్ల కొలతలను చదివినచో చిత్రమైన సంగతి యొకటి బయటపడును. ఎం.జి. వారి 'సి' రకపు కారు 746. వారిదే కె-3 కారు 1,087. ఇంగ్లండులో 1934 నుండి నిర్మింపబడిన ఇ.ఆర్.ఏ. పందెపు కారు 1,488. 1924లో ఫ్రాన్సులోని లియోన్ పందెమున తొలిసారి కనబడిన బుగాటీ 35వ రకము 1,991. ఈ అంకెలు యాదృచ్ఛికములు కావు. ప్రతి నిర్మాతయు గడప తలకు తగులకుండ వంగి లోపలికి వచ్చినవాడే.

బుగాటీ కథ ఇంకను స్పష్టమైనది. 1922 నుండి 1925 వఱకు గ్రాండ్ ప్రీ పందెములకు 2 లీటర్ల హద్దు ఉండెను. 1926లో దానిని 1.5 లీటర్లకు తగ్గించిరి. బుగాటీ కారు ఆకారము మార్చలేదు. ఎనిమిది సిలిండర్ల వ్యాసమును 60 మిల్లీమీటర్లుగానే యుంచి, ముషలకము కదలు దూరమును మాత్రము 88 నుండి 66 మిల్లీమీటర్లకు కుదించినచో 1,493 వచ్చినది. కంటికి రెండును ఒకే కారు. నేటి పోటీలలో తనిఖీ చేయువాడు కొలత చూడక రూపము చూచి నమ్మినచో ఒక తరగతి కారును మఱియొక తరగతిలో నిలిపినవా డగును.

కొన్ని ఇంజన్లకు గాలిని బలవంతముగా నొక్కి లోపలికి పంపు 'సూపర్‌ఛార్జరు' అను పరికర ముండును. అది యున్న ఇంజను చిన్నదైనను పెద్దదాని వలె ప్రవర్తించును. దీనికి ఎంత పరిహారము విధించవలెను? 1938లో ఆ పరికరమున్న 3 లీటర్ల ఇంజను లేని 4.5 లీటర్లకు సమానమనిరి. యుద్ధానంతరము ఉన్న 1.5 లీటర్లు లేని 4.5 లీటర్లకు సమానమనిరి. అనగా మారకపు రేటు ఒకటిన్నర నుండి మూడునకు పెరిగినది. ఈ రెండవ నియమము క్రింద ఆల్ఫా రోమియో చిన్న ఇంజన్లు కొన్నేండ్లు ఎదురులేక గెలిచెను. కాని వాని దాహము అపారము; గాలను ఇంధనముతో రెండు మైళ్ళు పోవుటయు కష్టమే. 1951 జూలై 14వ తేదీన సిల్వర్‌స్టన్‌లో, సూపర్‌ఛార్జరు లేని 4.5 లీటర్ల ఫెరారీని నడిపిన అర్జెంటీనా దేశీయుడు గొన్జాలెజ్ వానిని ఓడించెను. రెండు భిన్నమైన బలములను ఒకే త్రాసులో తూచుట ఎంత కష్టమో ఈ ఉదాహరణము చెప్పుచున్నది.

కొలతయే యంత్రమును మలచుట

దేనిని కొలిచెదమో అదియే కుంచించును. దేనిని కొలువమో అది పెరుగును. 1910 ప్రాంతమున చిన్నకార్ల పందెములలో సిలిండరు వ్యాసముపై హద్దు పెట్టిరి. నిర్మాతలు వ్యాసమును విడిచి పొడవును పెంచిరి. లయన్ ప్యూజో అను ఫ్రెంచి కారు ఇంజనులో సిలిండరు వ్యాసము 80 మిల్లీమీటర్లు కాగా ముషలకము కదలు దూరము 280 మిల్లీమీటర్లయ్యెను. చిన్నకారు పై ఒక చిమ్నీని నిలిపినట్లుండెను. ఇంగ్లండులో ప్రభుత్వము కార్లపై పన్నును సిలిండరు వ్యాసమునుబట్టి విధించినందున, అచ్చటి సామాన్యపు కార్ల ఇంజన్లును ఇట్లే సన్నగా, పొడవుగా పెరిగినవి. పరీక్షలో ఏది అడిగెదరో అదియే విద్యార్థి చదువును. మిగిలినది పుస్తకములోనే యుండిపోవును. యంత్రనిర్మాత స్వభావమును అట్టిదే. కనుక పాత కారును తరగతిలో చేర్చువాడు దాని కాలపు నియమములను కూడ ఎఱిగియుండవలెను. లేకున్నచో దాని రూపము వానికి వికారముగా తోచునే గాని, అర్థము కాదు.

స్థితి

ఇంతవఱకు చెప్పిన రెండు జల్లెడలును అంకెలకు లొంగునవి. మూడవది అంకెలకు లొంగదు. పందెపు కారు పుట్టినది మొదలు మాఱుచునే యుండును. పగిలిన ఇంజనునకు బదులు వేఱొకటి వచ్చును. తీగలతో లాగు బ్రేకులకు బదులు ద్రవముతో పనిచేయు బ్రేకులు వచ్చును. ప్రమాదమున వంగిన చట్రము తిరిగి కట్టబడును. పుట్టుకలో 1928, బ్రేకులలో 1936 అయిన కారు ఏ తరగతికి చెందును?

ఈ ప్రశ్న ఒకసారి న్యాయస్థానమునకే ఎక్కినది. 1929, 1930 సంవత్సరములలో ఫ్రాన్సులోని లమాన్ పట్టణమున జరిగిన ఇరువదినాలుగు గంటల పందెమును బెంట్లీ కారు ఒకటి వరుసగా గెలిచెను. మొదటిసారి బర్నాటో, బర్కిన్ అనువారును, రెండవసారి బర్నాటో, కిడ్‌స్టన్ అనువారును దానిని నడిపిరి. 'ఓల్డ్ నంబర్ వన్' అను పేరుతో ఆ కారు ప్రసిద్ధి కెక్కెను. తరువాత దానికి 8 లీటర్ల ఇంజను అమర్చబడెను. 1932లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ బాటపై అది గట్టు దాటి పడగా దానిని నడుపుచున్న క్లైవ్ డన్‌ఫీ మరణించెను. కారు మఱల నిర్మింపబడెను. చాల కాలము గడచిన పిమ్మట దానిని కోటి పౌండ్లకు కొనుటకు ఒడంబడిక జరిగెను. కొనువారు వెనుకకు తగ్గి, ఇది ఆ కారు కాదనిరి. 1929 నాటి భాగములు ఇందులో ఏవియు మిగులలేదనిరి. 1990లో లండను ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. భాగములు మాఱినను కారు చరిత్ర ఎచ్చటను తెగలేదు. ఒక మార్పు వెంట ఒక మార్పుగా అదే కారు నడచివచ్చినది. కనుక ఆ పేరునకు అది అర్హమే యనెను.

ఈ తీర్పు పేరును నిలిపినది. కాని పేరు వేఱు, పంక్తి వేఱు. పోటీల నిర్వాహకులు అడుగునది, 'నీవెవరు?' అని కాదు. 'నీవు ఏ స్థితిలో వచ్చితివి?' అని. అంతర్జాతీయ నియమముల ప్రకారము కారు విభాగమును నిర్ణయించునది అది కర్మాగారము వెడలిన తేదీ మాత్రమే కాదు. అది ధరించియున్న సాంకేతిక లక్షణములు. వెనుకటి కాలపు కారునకు తరువాతి కాలపు భాగము తగిలించినచో, కారు ఆ భాగముతో పాటు తరువాతి విభాగమునకు పోవలసినదే. ప్రతి కారునకును ఒక సాంకేతిక పత్ర ముండును. ఇంజను కొలతలు, బ్రేకుల రకము, చక్రముల పరిమాణము మున్నగునవి అందులో ఛాయాచిత్రములతో సహా నమోదగును. పోటీనాడు తనిఖీ చేయువారు ఆ పత్రమును చేతబట్టి కారును సరిచూతురు. గిత్త నోరు తెఱచి పళ్ళు చూచుటకు ఇది మారు.

ఈ తనిఖీలో దాగిన ప్రమాదము చిన్నది కాదు. 1926 నాటి రేకు క్రింద నేటి లోహముతో చేసిన ఇంజను భాగములను దాచి ఒకడు గెలిచెననుకొనుడు. ప్రక్కవాని బహుమతిని వాడు అపహరించినాడు. అది చిన్న దొంగతనము. బాట ప్రక్కన నిలిచి చూచుచున్న బాలుడు 1926లో కార్లు ఇంత వేగముగా పరుగెత్తెడివని నమ్మి యింటికి పోవును. అది పెద్ద దొంగతనము. మొదటి నష్టమును బహుమతి మరలించి తీర్చవచ్చును. రెండవదానిని తీర్చుట దుర్లభము.

వేగము

కాలము, పరిమాణము, స్థితి సరిపోయినను ఒక చిక్కు మిగులును. బాటపై రెండు కార్ల వేగములలో అంతరము మితిమీఱినచో వెనుకనుండి వచ్చు కారు ముందు కారును మలుపులో అకస్మాత్తుగా చేరుకొనును. పాత కార్లకు నేటి రక్షణ సామగ్రి లేదు. కొన్నింటిలో నడుపువాని తలకు పైన కప్పును లేదు. కనుక ఒక చుట్టు తిరుగుటకు ఎంత కాలము పట్టునో చూచి, దగ్గఱి వేగముల కార్లను ఒక జట్టుగా చేర్చు పద్ధతియు కలదు. ఇక్కడ తరగతి యనునది గౌరవమునకు సంబంధించినది కాదు, ప్రాణమునకు సంబంధించినది.

దీనికి తోడుగా మఱియొక పాత పద్ధతి కలదు. 1907లో బ్రూక్‌లాండ్స్ బాట తెఱచినపుడు మోటారు పందెములకు సంప్రదాయ మింకను ఏర్పడలేదు. అందుచేత గుఱ్ఱపు పందెముల నియమములనే అరువు తెచ్చుకొనిరి. తొలినాళ్ళలో కార్లు నడుపువారు సహితము గుఱ్ఱపు రౌతుల వలె రంగు రంగుల అంగీలు తొడిగిరి. బలమైన గుఱ్ఱముపై అదనపు బరువు పెట్టు ఆచారము నుండి, నెమ్మది కారును ముందుగా విడిచి వేగపు కారును ఆలస్యముగా విడుచు ఆచారము పుట్టినది. ఏ కారును ఎన్ని సెకండ్లు ఆపవలెనో లెక్కకట్టు ఎబుల్‌వైట్ అను అధికారి ఆ బాటపై ఎంతయో పేరుపొందెను. లెక్క సరిగా కుదిరినచో పెద్దవి, చిన్నవి అన్నియు గమ్యము దగ్గఱ ఒకేమాఱు గుమిగూడును. వింటేజ్ సంఘము వారు నేటికిని ఇట్టి పందెములు నడుపుచున్నారు. విభజనము భేదమును ఒప్పుకొని వేఱుచేయును. ఈ పద్ధతి భేదమును ఒప్పుకొని కలుపును.

ఈ నాలుగు జల్లెడలలో ఏ ఒక్కటియు తనంతట తాను న్యాయము చేయజాలదు. తేదీ మాత్రమే చూచినచో మాఱువేషము గెలుచును. పరిమాణము మాత్రమే చూచినచో యుగములు కలగాపులగ మగును. వేగము మాత్రమే చూచినచో చరిత్ర మఱుగున పడును. స్థితిని చూచుటకు కొలబద్దతో పాటు జ్ఞానమును, ఆ జ్ఞానముతో పాటు నిజాయితీయు కావలెను. మనుష్యులను తరగతులుగా విభజించుటలో తఱచుగా అహంకార ముండును. ఈ యంత్రముల విభజనలో ఒక వినయ మున్నది. ప్రతి యంత్రమును దాని కాలపు తెలివితోడను, దాని కాలపు పరిమితులతోడను చూడవలెనను వినయమది. నూఱేండ్లనాటి శిల్పి చేతిపనిని నేటి గడియారముతో కొలిచి నవ్వుట సులభము. తోటివారి నడుమ నిలిపి చూచినప్పుడే ఆ పని ఎంత గొప్పదో తెలియును.